పక్కవాడి మోటారు

చెయ్యాల్సిన పనులు అయిదు.

ఒకటి: గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారిగా దిగాలి. రెండు: పత్తిచేలల్లో తెల్లదోమ మీద పరిశోధన చేస్తున్నానని చెప్పుకుంటున్న డాక్టర్ వెర్నర్ నిజంగా ఏం చేస్తున్నాడో కనుక్కోవాలి. మూడు: అతని సెక్రటరీ రాజరాజేశ్వరి ఇంకా మన మనిషేనా, అటు తిరిగిపోయిందా తేల్చాలి. నాలుగు: శుక్రవారం గుండ్లకమ్మ ఒడ్డున జరగబోయే ట్రయల్ చెడకుండా చూడాలి. అయిదు: లైన్ ఇన్‌స్పెక్టర్ బాపయ్య ఎలా చనిపోయాడో ఎవర్నీ అడగకూడదు.

మొదటి నాలుగూ వింటున్నంతసేపూ ఏజెంట్ అంకయ్య తల ఊపుతూనే ఉన్నాడు. అయిదోది విన్నాక ఊపలేదు.

1988 ఫిబ్రవరి. మంగళగిరిలో ఒక చేనేత చీరల కొట్టు, దాని వెనక గది. ముందు గదిలో గుమాస్తా ఎవరొచ్చినా ఏం కావాలని అడుగుతాడు. “నిజాం అంచు ఉందా?” అనాలి. “నిజాం పోయాడు, అంచు ఉంది” అని గుమాస్తా అంటాడు. అప్పుడు వెనక తలుపు తెరుచుకుంటుంది. కొట్టు యజమాని లక్ష్మీనరసింహం మెడలో టేపు, చేతిలో కత్తెర పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఊళ్లో వాళ్ల దృష్టిలో ఆయన నష్టాల్లో ఉన్న చీరల వ్యాపారి. కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో ఆయన్ని చీఫ్ అంటారు.

“బాపయ్య మీకు తెలుసని నాకు తెలుసు” అన్నాడు చీఫ్.

తెలియడమేమిటి. అద్దంకి హైస్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. అంకయ్య వాళ్ల నాన్న పొగాకు బ్యారనులో మంటవేసేవాడు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అంకయ్య. ఆ డిగ్రీకి ఫీజు కట్టే ప్రతిసారీ డబ్బు చేతిలో పెట్టి గుంటూరు బస్సెక్కించింది బాపయ్య. అలాంటి బాపయ్య గురించి రికార్డులో ఒకే ఒక్క వాక్యం ఉంది: మద్యం మత్తులో విద్యుత్ స్తంభం మీద నుంచి జారిపడి మృతి.

అది అబద్ధమని చీఫ్‌కీ తెలుసు. కానీ బాపయ్య గురించి ఎవరు వాకబు చేస్తారా అని వెర్నర్ మనుషులు కాచుకుని ఉన్నారు. ఒక్క ప్రశ్న చాలు, మనకి అనుమానం వచ్చిందని వాళ్లకి తెలిసిపోతుంది. అందుకని ట్రయల్ అయ్యేదాకా బాపయ్య తాగే చచ్చిపోయాడు. చీఫ్ మాట అది.

అప్పుడే వెనక తలుపులోంచి ఒకావిడ లోపలికొచ్చింది. నేత చీర, కళ్లజోడు, చంకన పొడుగాటి కాగితపు చుట్ట. జ్ఞానప్రసూనాంబ, ప్లానింగ్ ఇంజనీరు. ట్రయల్ ఆవిడదే.

ఆవిడ కాగితం పరిచి గబగబా చెప్పుకుపోయింది. గోదావరి దిగువన గ్యాస్ పడింది. ఆ గ్యాస్‌ని గొట్టంలో కృష్ణ దాటించి, మంగళగిరి దగ్గర కంప్రెసర్‌తో తోసి, అద్దంకి దాకా తెచ్చారు. అక్కడ గుండ్లకమ్మ ఒడ్డున టర్బైన్ ఆ గ్యాస్‌తో కరెంటు పుట్టిస్తుంది. ఇన్నాళ్లూ గ్యాస్ వాళ్ల ప్లాను గ్యాస్ వాళ్లది, కరెంటు వాళ్ల ప్లాను కరెంటు వాళ్లది. ఆవిడ రెండింటినీ ఒకే కాగితం మీద గీసింది. సాగర్‌లో నీళ్లుంటే జల విద్యుత్తు వాడుకుని గ్యాస్‌ని గొట్టంలోనే దాచుకోవాలి. నీళ్లు తగ్గితే దాచిన గ్యాస్ తియ్యాలి. ఒకటి తడబడితే రెండోది పట్టుకోవాలి.

“ఇందులో బలహీనత?” అడిగాడు అంకయ్య.

“కంప్రెసర్ నడవాలంటే కరెంటు కావాలి. కరెంటు పుట్టాలంటే కంప్రెసర్ నడవాలి. ఒకేసారి రెండూ ఆగాయా, రెండూ లేవవు.”

అందుకే కంప్రెసర్‌కి ఆవిడ రెండు దారుల్లో కరెంటు పెట్టింది. ఒకటి పెద్ద లైను. రెండోది పల్లెల మీదుగా పోయే పాత లైను. పెద్ద లైను తెగితే, గొట్టంలో మిగిలిన గ్యాస్‌తో టర్బైన్ కాసేపు బతుకుతుంది. ఆ కాసేపట్లో పల్లె లైను మీదుగా కంప్రెసర్‌కి కరెంటు అందించాలి. శుక్రవారం ఢిల్లీ నుంచి వచ్చే కమిటీ ముందు గోదావరి నుంచి గుండ్లకమ్మ దాకా ఉన్న ఈ మైదానాన్ని మిగతా గ్రిడ్ నుంచి విడదీసి, తన కాళ్ల మీద తను నిలబడుతుందని చూపించాలి. నిలబడితే ప్లాన్ శాంక్షన్. పడిపోతే, వెర్నర్‌ని పంపిన నార్డ్‌వాల్ కన్సార్షియం అనే విదేశీ ముఠా ఫైలు పట్టుకుని సిద్ధంగా ఉంది. వాళ్ల స్టేషను, వాళ్ల ఇంధనం, పాతికేళ్ల కాంట్రాక్టు. తాళం మన గుమ్మానికి, చెవి వాళ్ల జేబులో.

“వాయిదా వెయ్యకూడదా?”

“వెయ్యాలనే వాళ్ల కోరిక” అంది జ్ఞానప్రసూనాంబ. “వెయ్యను.”

చీఫ్ రెండు వస్తువులు బల్ల మీద పెట్టాడు. ఒకటి పొడుం డబ్బీ. మూత తీస్తే లోపల చిన్న ముల్లు, లైను దగ్గర పెడితే ఫ్రీక్వెన్సీ చూపిస్తుంది. యాభై దగ్గర ఉంటే క్షేమం. రెండోది ఫౌంటెన్ పెన్. నొక్కితే గుంటూరు కారం మేఘంలా చిమ్ముతుంది. ఢిల్లీ ల్యాబ్‌లో దాని మీద చాలా పరీక్షలు చేశారట.

*

మిర్చి యార్డులో అంకయ్య మొదటి గంటలోనే దొరికిపోయేవాడు.

వేషం బాగానే కుదిరింది. తెల్ల పంచె, జేబులో పాన్, భుజాన తుండు. కానీ ఎర్రటి కొండల్లా పోసిన కాయల మధ్య నాలుగడుగులు వేశాడో లేదో తుమ్ములు మొదలయ్యాయి. తలపాగా చుట్టిన హమాలీ ఒకడు ఆగి చూశాడు. మిర్చి వ్యాపారి తుమ్మడం ఆ యార్డులో ఎవరూ ఎరగరు. జలుబు చేసిందని అంకయ్య గొణిగాడు. పదేళ్ల ఢిల్లీ అతని ముక్కుని పాడుచేసింది.

రాజరాజేశ్వరి అప్పుడే కారు దిగింది. నల్ల కళ్లద్దాలు, గాలికి నిలవని షిఫాన్ చీర, ఎత్తు మడమల చెప్పులు. విదేశీ మసాలా కంపెనీకి సరుకు చూడటానికి వచ్చినట్టు చెప్పుకుంది. వెనకాలే ఇద్దరు తెల్లవాళ్లు, ముక్కులకి రుమాళ్లు అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ. ఆవిడ కాయల రాశి పక్కనే వంగి, ఒక కాయ విరిచి వాసన చూసింది.

తుమ్మలేదు.

అంకయ్య అది గమనించాడు. ఫైల్లో ఆవిడ ఎక్కడ పుట్టిందో రాసిన చోట ఖాళీ ఉంది. ఇప్పుడా ఖాళీ నిండింది.

వాళ్లలో ఒకడి చెవి దగ్గర ఉన్నది రుమాలు కొస కాదు, ఇయర్ ఫోన్. ఆవిడ కళ్లద్దాల కమ్మీలో మైకు ఉంది. ఒక్క మాట మాట్లాడినా వింటారు. అంకయ్య భుజం మీది తుండు తీసి చెయ్యి కప్పుకుని ఆవిడ ముందుకు చాచాడు. ఆ యార్డులో బేరం అంతే. నోటితో చెప్పరు, తుండు కింద వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా.

ఆడమనిషి తుండు కింద చెయ్యి పెట్టడం ఎవరూ చూసి ఉండలేదు. చుట్టూ ఉన్నవాళ్లు పని ఆపి నిలబడ్డారు. రాజరాజేశ్వరి ఏమాత్రం తడుముకోకుండా చెయ్యి పెట్టింది. అతని అరచేతి మీద గోటితో తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే రాసింది.

పల్లె స్విచ్చులు అతికించారు. బాపయ్య చూశాడు. చంపేశారు. తాళ్లు చూడు.

గుంటూరులో ఏ మిర్చికీ అంతసేపు బేరం జరగలేదు. “ఏందయ్యా, కాయలు కొంటన్నావా, సంబంధం మాట్లాడుకుంటన్నావా?” అని ఎవరో అరిచారు. యార్డంతా నవ్వింది. ఇయర్ ఫోన్ పెట్టుకున్నవాడికి ఆ నవ్వు తప్ప ఇంకేమీ అందలేదు.

రాజరాజేశ్వరి చెయ్యి తీసుకుని, రేటు కుదరలేదని ఇంగ్లీషులో చెప్పి కారెక్కింది. మూడో పని పూర్తయింది. ఆవిడ మన మనిషే.

*

చింతలవారిపాలెం అద్దంకికి తూర్పున, సాగర్ కాల్వ చివరి భూముల్లో ఉంది. చివరి భూములంటే కాల్వలో నీళ్లు రావని అర్థం. అందరికీ బావులు, మోటార్లు. పల్లె లైను ఆ ఊరి మీదుగానే పోతుంది.

అంకయ్య చేల గట్ల మీద నడుస్తూ తాళ్లు చూశాడు. మొదటి మోటారు కొట్టంలో స్టార్టర్ హ్యాండిల్ పైకెత్తి కొబ్బరితాడుతో బిగించి కట్టారు. రెండోదానికి పాత చీర పేలిక. మూడోదానికి సైకిల్ ట్యూబు. కరెంటు పోతే ఆ హ్యాండిల్ దానంతటది కిందపడాలి, మళ్లీ మనిషి వచ్చి ఎత్తితేనే మోటారు తిరగాలి. కానీ కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడల్లా చేలోకి పరిగెత్తేదెవరు? అందుకని కట్టేస్తారు. కరెంటు వచ్చిందంటే చాలు, ఊరందరి మోటార్లూ ఒక్కసారే గుర్రుమంటాయి.

దూరంగా పత్తిచేలో టోపీ పెట్టుకున్న ఒక పొడుగాటి మనిషి, చేతిలో దోమల వల. డాక్టర్ వెర్నర్. వలలో ఒక్క దోమా లేదు. ప్రతి మోటారు కొట్టంలోకీ తొంగిచూసి పోతున్నాడు.

అంకయ్యకి అర్థమైంది. మామూలుగా అయితే పల్లె లైనులోకి కరెంటు పంపేముందు ఊళ్లని స్విచ్చులతో విడదీస్తారు. ఆ స్విచ్చులు ఇప్పుడు అతుక్కుపోయి ఉన్నాయి, విడిపోవు. శుక్రవారం వెర్నర్ మనుషులు పెద్ద లైను తెంపుతారు. టర్బైను పల్లె లైనులోకి కరెంటు వదులుతుంది. కంప్రెసర్‌కి అందేలోపే దారిలో ఉన్న మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. లేచే మోటారు తిరిగే మోటారుకి ఎన్నో రెట్లు లాగుతుంది. టర్బైను కూలుతుంది. టర్బైనుకి వేరే బాంబు అక్కర్లేదు. వాడి బాంబు ఈ తాళ్లే.

జ్ఞానప్రసూనాంబ విని, కాగితం మీద పల్లె లైను వెంట వేలు పోనిచ్చింది. స్విచ్చులు బాగుచేస్తే వెర్నర్ ఎత్తు మారుస్తాడంది. పెద్ద లైనుకి కాపలా పెడదామని అంకయ్య అన్నాడు.

“తెంచనివ్వండి” అందావిడ. “తెగితేనే కదా రెండో దారి ఉందని తెలిసేది. కమిటీకి చూపించాల్సింది అదే. మీరు ఆ తాళ్ల సంగతి చూడండి.”

*

సహకార సంఘం గోడౌను ముందు ఊరంతా చేరింది. అంకయ్య వ్యాపారి వేషం తీసేసి, తాను కరెంటు ప్లానింగు ఆఫీసు మనిషినని చెప్పుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం ఒక్క పూట, కరెంటు వచ్చినా సరే, మోటార్లు వెయ్యొద్దని బతిమాలాడు.

ఎవరూ కాదనలేదు. అదే చిక్కు. అందరూ సరేనన్నారు, ఒక్కరి మొహంలోనూ ఆ సరే కనపడలేదు. మిరప చేలు రెండో కాపు మీదున్నాయి. నేను ఆపితే పక్కవాడు ఆపుతాడా? నా తాడు విప్పితే ఆ నీళ్లన్నీ వాడి చేనుకే పోతాయి. వాడు కట్టినన్నాళ్లూ నేను కట్టాల్సిందే. ఇది ఒక్కడి మాట కాదు, ప్రతివాడి మాటా ఇదే. వెర్నర్ నోటుపుస్తకం లేకుండానే ఆ ఊరిని చదువుకున్నాడు. ఈ మనుషులు ఒకరినొకరు నమ్మరు. వాడి లెక్కంతా దాని మీదే నిలబడింది.

మీటింగు అయిపోయి జనం లేస్తుంటే, చివర నిలబడ్డ గురవమ్మ దగ్గరికి అంకయ్య వెళ్లాడు. భర్త పోయాక మూడెకరాల మిరప ఒంటి చేత్తో చేస్తున్న మనిషి. పక్క చేను చెంచయ్యతో గట్టు తగాదా, అద్దంకి కోర్టులో నలుగుతోంది. వాళ్లిద్దరూ మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో ఊళ్లో ఎవరికీ జ్ఞాపకం లేదు.

అయిదో ఆజ్ఞ అంకయ్య నాలుక మీద ఉంది. దాన్ని మింగేశాడు.

“పిన్నీ, బాపయ్య ఎలా పోయాడు?”

గురవమ్మ అతని మొహంలోకి చూసింది. “నువ్వు అద్దంకి బళ్లో చదివిన అంకయ్యవి కదూ. నీ గురించి చెప్పేవాడు.” కొంగుతో మూతి తుడుచుకుంది. “తాగి పడ్డాడని రాశారంట. మా చేలో లైను బాగుచేసి మజ్జిగ తాగి పోయేవాడబ్బాయ్. కాస్త పులిస్తే వద్దనేవాడు, తల తిరుగుద్దని. ఆ మడిసి తాగాడంట.”

అప్పుడు అంకయ్య చెప్పకూడనిదంతా చెప్పాడు. స్విచ్చులు అతికించిందెవరో, అది చూసిన బాపయ్యని స్తంభం మీద నుంచి తోసిందెవరో, శుక్రవారం ఈ ఊరి తాళ్లతో ఏం చెయ్యాలనుకుంటున్నారో.

గురవమ్మ నేరుగా గోడౌను అరుగెక్కింది.

“కూచోండి మళ్లీ. ఏరా, ఎక్కడికి పోయేది? కూచో.”

కూర్చున్నారు.

“బాపయ్యని చంపినోడు మన తాళ్ల మీద పందెం కాశాడు. మనం విప్పమని. వాడి ధైర్నం ఏందో తెలుసా? మీరందరూ మంచోళ్లే. పక్కోడే మంచోడు కాదు. అంతేగా?”

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

“కలుపుకి బదులు పోతాం. కోతకి బదులు పోతాం. నీ చేలో నేను, నా చేలో నువ్వు. శుక్రారం తాళ్లిప్పి కాపలాకీ బదులు పోదాం. ఎవుడి మోటారు కాడ వాడు కూచోమాకండి. పక్కోడి మోటారు కాడ కూచోండి. వాడు ఎయ్యకుండా మీరు చూడండి, మీరు ఎయ్యకుండా వాడు చూస్తాడు. చెంచయ్య మోటారు కాడ నేను కూచుంటా.”

చెంచయ్య పైకి లేచాడు.

“అయితే ఆవిడ మోటారు కాడ నేను తప్ప ఇంకోడు కూచోటానికి ఈల్లేదు.”

ఆ తర్వాత అంకయ్య చెయ్యాల్సిన పనేమీ లేకపోయింది. తనకి గిట్టనివాడి మోటారు తనకే కావాలని జనం పోట్లాడుకున్నారు. ప్రభుత్వ కార్యక్రమానికి అంత ఉత్సాహం అతను ఎక్కడా చూడలేదు. తెల్లారేసరికి ఆ మాట పాలక్యాన్ల వెంట, వియ్యంకుల వెంట, బట్టల మూటల వెంట పల్లె లైను పొడుగునా పాకిపోయింది. వెర్నర్ మైకులు స్తంభాలకి పెట్టాడు. వియ్యంకులకి పెట్టలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం. గుండ్లకమ్మ స్టేషనులో కమిటీ కుర్చీల్లో కూర్చుంది. గ్రిడ్ నుంచి మైదానాన్ని విడదీశారు. టర్బైను ఒంటరిగా నడుస్తోంది.

అంకయ్య గురవమ్మ మిరప చేను చివర, కాయల బస్తా వెనక. బస్తాలో వైర్‌లెస్ సెట్టు. చేతిలో పొడుం డబ్బీ. మోటారు కొట్టం ముందు చెంచయ్య నులకమంచం మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. గట్టుకి అవతల, చెంచయ్య కొట్టం గుమ్మంలో గురవమ్మ.

వైర్‌లెస్‌లో జ్ఞానప్రసూనాంబ గొంతు వినపడింది. మంగళగిరి దగ్గర పెద్ద లైను పేల్చేశారు. పేల్చినవాణ్ణి చీఫ్ మనుషులు అక్కడికక్కడే పట్టుకున్నారు. కంప్రెసర్ ఆగింది. గొట్టంలో ఉన్న గ్యాస్ మాత్రమే మిగిలింది.

“పల్లె లైను ఛార్జ్ చేస్తున్నాను” అందావిడ.

డబ్బీలో ముల్లు కదిలింది. యాభై. కొద్దిగా జారింది. ఆగింది.

మైదానం మొత్తం నిశ్శబ్దంగా ఉంది. కరెంటు ఉండగా మోటార్లు మోగని మధ్యాహ్నం ఆ చేలు ఎప్పుడూ చూడలేదు. ఎక్కడో పిట్ట అరిచింది. అది కూడా వినిపించింది.

అప్పుడు జీపు వచ్చింది.

వెర్నర్ దిగాడు. వెనక రాజరాజేశ్వరి. అతని చేతిలో దోమల వల లేదు, పిస్తోలు ఉంది. ఆ నిశ్శబ్దం అతనికి అర్థమైంది. విరుగుడు కూడా అర్థమైంది. ఊరంతటినీ లేపనక్కర్లేదు. ఒక్క మోటారు మోగితే చాలు. ఆ చప్పుడు విని, వాడు మాట తప్పాడని పక్కవాడు వేస్తాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. చేను వెంట చేను, ఊరు వెంట ఊరు.

పిస్తోలు చెంచయ్య గుండెకి గురిపెట్టి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. రాజరాజేశ్వరి ఎప్పటిలాగే, నెమ్మదిగా తెలుగులో చెప్పింది:

“అయ్యా, మోటారు వెయ్యమంటున్నాడు. లేకపోతే కాలుస్తాడట.”

చెంచయ్య మంచం మీద నుంచి లేవలేదు. “నా మోటారైతే ఆలోచించేవాణ్ణేమోనమ్మా. ఇది ఆవిడది. ఇవాళ నేను వేశానంటే చచ్చేదాకా దెప్పుద్ది. దానికంటే కాల్చమను.”

ఆవిడ అది ఇంగ్లీషులోకి మార్చింది. వెర్నర్‌కి ఎంతవరకు అర్థమైందో తెలియదు. చెంచయ్యని పక్కకి తోసి, కొట్టంలోకి దూరి, తనే హ్యాండిల్ పట్టుకుని పైకెత్తాడు.

అంకయ్య అప్పటికే బస్తా దాటి పరిగెత్తుతున్నాడు. పెన్ తీసి నొక్కాడు. ఢిల్లీ ల్యాబ్‌లో చాలా పరీక్షలు చేశారు కానీ ప్రకాశం జిల్లా గాలితో చెయ్యలేదు. ఎర్రటి మేఘం సగం వెర్నర్ మీదికి పోయింది. మిగతా సగం తిరిగొచ్చి అంకయ్య కళ్లనే కొట్టింది.

గుడ్డివాడై మోకాళ్ల మీద కూలాడు. ఇక మిగిలింది చెవులే. మోటారు గుర్రుమనే చప్పుడు కోసం, ప్రాణం అక్కడే పెట్టుకుని విన్నాడు.

హ్యాండిల్ టక్కుమంది. మళ్లీ టక్కుమంది. మూడోసారి.

మోటారు మోగలేదు.

వెర్నర్ దగ్గుతున్నాడు, తుమ్ముతున్నాడు, తిడుతున్నాడు. ఆ మేఘం మధ్యలోంచే రాజరాజేశ్వరి మామూలుగా నడుచుకుంటూ వెళ్లి, అతని చేతిలోంచి పిస్తోలు తీసుకుంది. ఆవిడకి ఈసారి కూడా తుమ్ము రాలేదు.

“మీది ఏ ఊరమ్మా?” అన్నాడు చెంచయ్య, అంత గొడవలోనూ.

“పెదనందిపాడు” అందావిడ. చాలా ఏళ్ల తర్వాత ఆవిడ తన గురించి ఎవరికైనా చెప్పిన మొదటి నిజం అది.

కళ్లు కడుక్కుంటూ అంకయ్య అడిగాడు, మోటారు ఎందుకు తిరగలేదని. చెంచయ్య కొంచెం సిగ్గుపడ్డాడు. పంచె రొంటిన చెయ్యి పెట్టి, మూడు పింగాణీ ఫ్యూజు ముక్కలు బయటికి తీశాడు.

“ఏమనుకోమాకండి సార్. ఆవిడ్ని నేను నమ్మలా. నా కళ్లుగప్పి వచ్చి వేసుకుంటుందేమోనని పొద్దున్నే పీకి పెట్టుకున్నా.”

గట్టు మీద నుంచి గురవమ్మ గొంతు వినపడింది. “నేను మాత్రం నమ్మానేందీ?” ఆవిడ కొంగు ముడి విప్పింది. అందులో చెంచయ్య ఫ్యూజులు మూడు.

వైర్‌లెస్ గరగరమంది. కంప్రెసర్ లేచింది. గొట్టంలో ప్రెషర్ పెరుగుతోంది. ముల్లు యాభై మీద నిలబడింది. జరిగింది అంకయ్య చెప్పాడు. అవతల జ్ఞానప్రసూనాంబ నవ్వింది. తన కాగితం మీద గీసిందీ అదేనట. గ్యాస్ గుమ్మంలో కరెంటు, కరెంటు గుమ్మంలో గ్యాస్, ఒకదానికొకటి కాపలా. నమ్మకం ఉంటే మంచిదే, లేకపోయినా పడిపోకూడదు. ప్లాన్ అంటే అదే అంది.

*

ప్లాన్ శాంక్షనైంది. డాక్టర్ వెర్నర్ దోమల వలతో సహా విమానమెక్కాడు. దౌత్య మర్యాదలు అలాంటివి. చింతలవారిపాలెం గురించి కమిటీ రిపోర్టులో మూడు మాటలున్నాయి: స్థానిక సహకారం సంతృప్తికరం. ఫ్యూజుల్లో ఒకటి పగిలిపోయి తిరిగొచ్చిందని గురవమ్మ, అది ముందే పగిలి ఉందని చెంచయ్య. కోర్టులో ఇప్పుడు ఆ తగాదా కూడా చేరింది.

అంకయ్య మంగళగిరి కొట్టులో నిలబడి ఒకే ఒక్కటి అడిగాడు. బాపయ్య రికార్డులో ఆ వాక్యం కొట్టేయమన్నాడు.

చీఫ్ చీర మడతపెడుతూ కాదన్నాడు. ఆపరేషన్ జరిగినట్టే లేదు కాబట్టి, హత్య జరిగినట్టూ లేదు. హత్య లేదు కాబట్టి కారణం మారదు. అది సీక్రెట్. అయిదో ఆజ్ఞ ఇక ఎప్పటికీ అమల్లో ఉంటుంది.

“నేను దాన్ని ఒకసారి తప్పాను సార్” అన్నాడు అంకయ్య.

“తెలుసు. దానికి మెమో ఇస్తున్నాను.”

“ఇవ్వండి సార్. అందులో కారణం మాత్రం ఉన్నదున్నట్టు రాయండి.”

చీఫ్ రాయలేదు. రికార్డు ఈనాటికీ అలాగే ఉంది.

అందుకని ఇది చదివిన మీరు ఒక పని చెయ్యండి. ఈసారి మీ ఇంట్లో కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు, ఫ్యాను రెక్కలు కదిలే ఆ కాస్త వ్యవధిలో, లైన్ ఇన్‌స్పెక్టర్ బాపయ్యని ఒకసారి తలుచుకోండి. ఆయన తాగి పడలేదు. పులిసిన మజ్జిగ కూడా వద్దనే మనిషి.